మూడు దినాల నిశ్శబ్దం

ముదిగుబ్బ,
12 జూన్ 2024

అంజలికి,

చెవులు మూతపడినా కళ్ళు ఇంకా ఉద్యోగం మానని మీ అవ్వ సువార్తమ్మ రాసేది.

నీ ఉత్తరం అందింది. తప్పులు నాలుగు. పోయినసారి కన్నా రెండు తక్కువ. ఎర్ర సిరాతో దిద్ది దీనితో పాటు పంపుతున్నాను.

ఫోనులో మాట్లాడుకుందామంటావు. నా చెవి మిషనులో నువ్వు 'అవ్వా' అంటే రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. వాట్సాపులో నువ్వు పంపేది రెండు ముక్కలూ ఒక నవ్వే బొమ్మా. ముప్పై నాలుగేళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని, నాకు అది చాలదు. కాబట్టి ఉత్తరాలే.

నీ పియానో సంగతి సంఘంలో అందరూ అడుగుతున్నారు. నాకు అర్థమైనంత చెప్పాను. ఏప్రిల్ నెలాఖరులో మా మనవరాలు బెంగళూరు నుంచి మైకులు మోసుకొచ్చి, మన చర్చి పియానో మెట్లు ఎనభై అయిదూ ఒక్కొక్కటి మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టి, ప్రతి మోతా పూర్తిగా ఆరిపోయేదాకా పట్టుకుంది. ఇక ఏ ఊళ్ళో ఎవరు కంప్యూటరు తెరిచి అక్షరాల మీద వేళ్ళు ఆడించినా మన పియానో పలుకుతుంది. కొనక్కరలేదు, మోయక్కరలేదు. పాటల బృందం నడిపే జాకబ్ అంతా విని, "అయితే ఇంక మన పియానో ఏమైతాది టీచరమ్మా?" అన్నాడు. "నీలాగే ఆదివారం ఆదివారం శ్రుతి తప్పి పలుకుతుంది" అన్నాను.

రామాంజినమ్మ తోట ఎలా ఉందని అడిగావు. బాగుంది. ఎండలు కదా, అంతే.

పని తొందరగా ముగించు. చర్చి గోడ పక్కనే బోరున్న ఆ రామాంజినమ్మ, ఆ నీళ్ళ హోరు నీ మైకుల్లో పడకూడదని మూడు దినాలు మోటరు ఆపింది. అది గుర్తుంచుకో.

వేళకు తిను. తినకుండా తిన్నానని అబద్ధం రాయకు.

అవ్వ


ముదిగుబ్బ,
13 జూన్ 2024
(రాసి, పోస్టు చేయనిది)

అంజలీ,

అబద్ధం రాయకు అని నీకు రాసి, అదే కాగితం మీద నేను రాశాను. తోట బాగాలేదు.

నువ్వు బస్సెక్కిన సాయంత్రమే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. కొత్తది వచ్చి తగిలించేసరికి తొమ్మిది దినాలు. నీ మూడు, ఆ తొమ్మిది. ఏప్రిల్, మే ఎండల్లో పన్నెండు దినాలు నీళ్ళు లేకుండా రెండో ఏటి చీనీ మొక్కలు నిలబడతాయా? మీ పట్నంలో మోసంబి అని రసం తీసి తాగే కాయ గురించే చెబుతున్నాను. అరవై మొక్కలు పెట్టుకుంది రామాంజినమ్మ. పదిహేడు మిగిలాయి.

కరెంటు పోవడం నా చేతిలో లేదని ఆ తొమ్మిది దినాలూ నాకు నేనే చెప్పుకున్నాను. బాగా తడిసిన మొక్క అయితే తొమ్మిది దినాలు ఎలాగో ఓర్చుకునేది. అప్పటికే మూడు దినాలు ఎండిన మొక్క ఎలా ఓర్చుకుంటుంది?

నువ్వు సాయంత్రాలు చేద్దామన్నావు. మధ్యాహ్నం మూడింటికి త్రీఫేజు కరెంటు తీసేస్తారు కదా అవ్వా, మోటర్లు వాటంతట అవే ఆగుతాయి, ఎవరినీ అడగక్కరలేదు అన్నావు. నేనే వద్దన్నాను. సాయంత్రమైతే గొర్రెలు మళ్ళుతాయి, సెలవుల్లో ఉన్న పిల్లలు ఆటలకు చేరి అరుస్తారు అన్నాను. అసలు సంగతి వేరు. సాయంత్రానికి నా నడుము పడిపోతుంది. పొద్దున అయితే నీ పక్కన కూర్చొని వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ 'ష్' అని చెప్పవచ్చు. మా మనవరాలు, మా పియానో అని నలుగురూ చూడవచ్చు.

అందుకోసం రామాంజినమ్మ వాకిట్లో నిలబడి, "మూడు దినాలు మోటరు వేయొద్దు" అన్నాను. అడగలేదు, చెప్పాను. "మీరు చెప్తే ఎయ్యను టీచరమ్మా" అంది. మూడో తరగతిలో నా ముందు పలక పట్టుకున్న మనిషి. ఇప్పుడు యాభై దాటింది. నా దగ్గర మాత్రం ఇంకా ఆ తరగతిలోనే ఉంది. పై తరగతికి పంపాల్సిన టీచరును నేనే.

ఎండకు చెక్క పగలకుండా పియానో లోపల అడుగున గిన్నెతో నీళ్ళు పెడతానని నీకు తెలుసు. ఆ మూడు దినాలూ మరిచిపోకుండా పెట్టాను. కట్టెకు నీళ్ళు పెట్టి, చెట్టుకు నీళ్ళు మాన్పించాను.

ఆమె ఇంతవరకు ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నీకు చెప్పి నీ పని పాడు చేయడం ఎందుకు? ఇది పంపను.

సువార్తమ్మ
(అవ్వ అని రాసుకోవడానికి ఈ రోజు చేయి రాలేదు.)


బెంగళూరు,
30 జూన్ 2024

అవ్వా,

ఎర్ర సిరా అందింది. ఈ ఉత్తరం రెండుసార్లు చదివే పంపుతున్నాను, అయినా తప్పులు నీకు దొరక్కుండా పోవు.

ఆగస్టు పదిహేనుకు పియానోను అందరికీ తెరుస్తున్నాం. నేను అనుకున్నదానికన్నా కష్టం అవ్వా ఇది. మెట్టు నొక్కిన క్షణానికీ మోగిన క్షణానికీ మధ్య రెప్పపాటు ఎడం వచ్చినా వాయించేవాళ్ళ వేళ్ళు తడబడతాయి. ఆ ఎడం తగ్గించడానికే రెండు నెలలు పట్టింది. చవక కంప్యూటర్లలో మూడు మెట్లు ఒకేసారి నొక్కితే మూడోది పలకదు. దానికొక ఉపాయం వేశాను. కొంతమందికి ముందుగా ఇచ్చి చూశాం. నాగాలాండ్‌లో ఒక నర్సు డ్యూటీ మధ్యలో రోజూ పావుగంట వాయించుకుంటోందట.

మా ఆఫీసు శశికుమార్ సార్‌కు ఊరి కథ చాలా నచ్చింది. పేరు 'ముదిగుబ్బ పియానో' అనే పెడుతున్నారు. చర్చి ఫొటో కూడా. పేరు మాత్రం ఖాయం.

పియానోలో ఆ నీళ్ళ గిన్నె ఎప్పటి నుంచి పెడుతున్నావు? ఊరికే అడిగాను.

ఈసారి నీ ఉత్తరంలో తిట్లు తక్కువగా ఉన్నాయి. కోపమా? ముందు శ్రుతి చేయించాల్సింది అని జాకబ్ మామ ముందు అన్నందుకా? రామాంజినమ్మత్తను అడిగానని చెప్పు.

తింటున్నాను. నిజంగానే.

అంజలి


ముదిగుబ్బ,
18 జూలై 2024

ఉత్తరంలో మూడు తప్పులకు దిగిన పిల్లకు,

కోపం లేదు. నువ్వు పియానోకు శ్రుతి లేదన్నావు, అది నిజం. నిజానికి కోపం తెచ్చుకునే వయసు దాటాను. గిన్నె సంగతి ఎందుకు అడిగావో మాత్రం అర్థం కాలేదు. 'ఊరికే' అని రాసేవాళ్ళు ఊరికే ఏదీ అడగరని పేపర్లు దిద్దిన అనుభవం చెబుతోంది.

నీ మూడు పేజీల్లో కంప్యూటరు ఎలా పనిచేస్తుందో ఉంది, నర్సు ఉంది, మీ సారు ఉన్నాడు. మన పియానో అందులో ఎలా పలుకుతోందో ఒక్క ముక్క లేదు. ఉద్యోగం పోయిందా? పోతే దాచకు. నీకు అన్నం పెట్టే శక్తి నా పెన్షనుకు ఉంది, నీకు వంట నేర్పే శక్తి మాత్రం ఎవరికీ లేదు.

మొన్న పాస్టరుగారు ప్రకటనల్లో చెప్పేశారు. ఆగస్టు పద్దెనిమిది ఆదివారం ఆరాధన అయ్యాక జాకబ్ తన ఫోనును మైకు పెట్టెకు కలిపి అందరికీ వినిపిస్తాడట. చర్చికి రాని వాళ్ళు కూడా వస్తామంటున్నారు. రామాంజినమ్మ గోడ అవతల నుంచి తల ఎత్తి అడిగింది, "టీచరమ్మా, మా మోటరు ఆపిన మూడు దినాలు ఆ ఫోన్లో ఉండాయా?" అని.

ఉన్నాయన్నాను. ఇంకేమనాలి?

నడుము బాగుంది. అడగలేదు నువ్వు, అయినా చెబుతున్నాను.

అవ్వ


బెంగళూరు,
3 ఆగస్టు 2024

అవ్వా,

ఉద్యోగం ఉంది. ఒట్టు.

పని ఎక్కువగా ఉంది కాబట్టి ఒక్క మాటే. దయచేసి చర్చిలో మైకులో పెట్టించొద్దు. ఫోను శబ్దం ఆ పెద్ద పెట్టెలో బాగుండదు. నేను వచ్చినప్పుడు మంచి స్పీకర్లు తెచ్చి నేనే వినిపిస్తాను. పాస్టరుగారికి నువ్వు చెబితే వింటారు. నీ మాట ఎవరు కాదంటారు?

అంజలి


ముదిగుబ్బ,
20 ఆగస్టు 2024

అంజలికి,

నీ మూడో తేదీ ఉత్తరం చదివి నేను వేరే అర్థం చేసుకున్నాను. మా జనం, మా పాత మైకు పెట్టె నీకు నామోషీ అనుకున్నాను. అందుకే పంతం పట్టి మరీ పెట్టించాను. ఇక విను.

ఆదివారం చర్చి నిండింది. జాకబ్ ఫోను కలిపి ఒక కీర్తన వాయించాడు. నా చెవికి బాగానే వినిపించింది, అంటే నా చెవి సంగతి నీకు తెలుసు. అందరూ చప్పట్లు కొట్టారు. రామాంజినమ్మ లోపలికి రాలేదు, తలుపు దగ్గర నిలబడింది. చప్పట్లు ఆగాక నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, ఇది మనది కాదు" అంది.

"ఏది కాదు?"

"ఈ పియానా. మన దాంట్లో కిందిమెట్లు కొడితే గొంతు జీరబోయినట్ల ఉంటాది. పుట్టినకాడి నుంచి గోడ పక్కనే వింటాండా కదా, నాకు తెలీదా? ఇది యాడిదో పట్నం పియానా."

అందరూ వింటున్నారు. "నీకేం తెలుసు? మూడో తరగతి దాటనిదానివి నువ్వు నాకు సంగీతం చెబుతావా?" అన్నాను. ఎవరో నవ్వారు. ఆమె తల వంచుకొని వెళ్ళిపోయింది.

జనం పోయాక జాకబ్‌ను పియానో ముందు కూర్చోబెట్టాను. కిందిమెట్టు ఇక్కడ ఒకసారి, ఫోనులో ఒకసారి వాయించమన్నాను. అతని ముఖం చూశాను. చెవులు లేనిదానికి ముఖాలు చదవడం వస్తుంది. "ఆయమ్మ చెప్పిందే నిజం టీచరమ్మా" అన్నాడు.

నిజమేనా? ఒక్క వాక్యంలో రాయి. నర్సులూ సార్లూ వద్దు.

అవ్వ


బెంగళూరు,
27 ఆగస్టు 2024

అవ్వా,

నిజమే.

ఒక్క వాక్యం అన్నావు, కానీ మిగతాది నీకు చెప్పకుండా నిద్ర పట్టడం లేదు.

కిందిమెట్టు ఒకటి కొడితే దాని మోత ఆరడానికి ఇరవై సెకన్లు పడుతుంది. మోత సన్నబడే కొద్దీ దాని అడుగున ఇంకేదో శబ్దం వినిపించింది. మెత్తగా టంగుమని, తర్వాత కొంచెం నీళ్ళు కదిలినట్టు. ఒకటి రెండింటిలో కాదు, సగానికి పైగా మెట్లలో ఉంది. అక్కడ ఉన్నప్పుడే లీలగా వినపడింది, తర్వాత తీసేయొచ్చులే అనుకున్నాను. తీస్తే మోత కూడా పోతోంది. నెల రోజులు కూర్చున్నాను. చివరికి శశికుమార్ సార్ వేరే పియానో శబ్దాలు కొనిపెట్టారు. పేరు మాత్రం మార్చలేదు. "ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. నేను ఊరుకున్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, అది పియానో లోపల నువ్వు పెట్టిన నీళ్ళ గిన్నె చప్పుడనుకున్నాను. మెట్టు కొట్టినప్పుడల్లా అదిరిందనుకున్నాను. ఆ చెక్కను ఇన్నేళ్ళుగా కాపాడిన గిన్నె వల్లే పని పాడైందని నీకు ఎలా రాయను? నీ మీద జాలితో దాచానని చెప్పుకున్నాను. ఇప్పుడు చూస్తే, నా తప్పును నీ గిన్నెలో పెట్టి మూత వేశాను.

మోటరు ఆపిన రామాంజినమ్మత్తకు ఏం చెప్పాలి?

అంజలి


ముదిగుబ్బ,
5 సెప్టెంబరు 2024

అంజలీ,

ఈ రోజు ఉపాధ్యాయ దినోత్సవం. దండలు పట్టుకొని ఎవరూ రాలేదు. వస్తే వాళ్ళ ముఖం చూడలేకపోయేదాన్ని.

అది గిన్నె కాదు. నీ ఉత్తరం చదవగానే నాకు అనుమానం వచ్చి రామాంజినమ్మ ఇంటికి వెళ్ళాను. గొర్రెపిల్లకు ఆకు వేస్తోంది. ముందు అంత మాట అన్నందుకు తప్పయిందన్నాను. "ఉండనీలేప్పా" అంది. ఆ మూడు దినాలు మోటరు ఆపి ఏం చేశావని అడిగాను.

"ఏం చేస్తా? తొట్టిలో ఉండే నీళ్ళు చెంబుతో బిందెకు పోసుకోని, కొన్ని మొక్కలకన్నా పోస్తా ఉంటి."

"చప్పుడు కాలేదా?"

"కాకూడదనే చెంబుకు పాత గుడ్డ చుట్టినా. గాజులు పైకి ఎక్కించి దారం కట్టుకుంటి. మీరు సప్పుడు చేయొద్దన్యారు కదా. ఏం టీచరమ్మా, ఇనపడిందా?"

అని భయపడింది, అంజలీ. నలభై మూడు మొక్కలు పోగొట్టుకున్న మనిషి, చప్పుడు చేసినందుకు నా ముందు భయపడింది.

"నీ మొక్కలు నా వల్ల పోయాయి" అన్నాను.

"కరెంటు మీరేమన్నా పీకినారా?"

ఆ మాట పట్టుకొని ఇంటికి వచ్చేయవచ్చు. ఒక క్షణం లేవబోయాను కూడా. మళ్ళీ కూర్చొని, నువ్వు సాయంత్రాలు చేద్దామన్నావనీ, నేనే నా సుఖం చూసుకొని వద్దన్నాననీ చెప్పాను.

ఆమె చేతిలో ఆకు ఆగింది. "సాయంత్రం అయ్యింటే నా మోటరుతో పనే లేదు కదా" అంది.

"లేదు."

గొర్రెపిల్ల ఆమె చెయ్యి నాకుతోంది. దాన్ని పక్కకు జరుపుతూ అంది: "ఆ పొద్దే నాకూ తోచింది. సాయంత్రం పెట్టుకోండి అని నోటిదాకా వచ్చె. చెప్పింటే ఇనేవాళ్ళా మీరు?"

అబద్ధం చెప్పడానికి ఇంక ఓపిక లేదు. "వినేదాన్ని కాదు" అన్నాను.

"అందుకే చెప్పలే" అని, మళ్ళీ ఆకు వేయడం మొదలుపెట్టింది.

తిట్టి ఉంటే మోసుకొని వచ్చేదాన్ని. ఈ మాటను ఎటు పట్టుకొని మోయాలో తెలియడం లేదు.

జూన్‌లో రాసి పంపని ఉత్తరం ఇందులో పెడుతున్నాను. తప్పులు దిద్దుకో, ఎర్ర సిరా నీ దగ్గరా దొరుకుతుంది.

అవ్వ


బెంగళూరు,
14 సెప్టెంబరు 2024

అవ్వా,

నీ జూన్ ఉత్తరం చదివాను. దిద్దడానికి చేయి రాలేదు. సాయంత్రాలే చేద్దామని నేను గట్టిగా అనాల్సింది. నీకు ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. కాబట్టి మొత్తం నీదే అనుకోకు.

ఆ రికార్డింగులు మళ్ళీ విన్నాను. ఇప్పుడు చెంబు చెంబులాగే వినపడుతోంది. ముంచడం, పోయడం, నడిచి వెళ్ళి మళ్ళీ రావడం. అన్నీ ఉన్నాయి.

శశికుమార్ సార్ దగ్గరికి వెళ్ళి పేరు తీసేయాలన్నాను. "ఎవరికి తెలుస్తుంది?" అని మళ్ళీ అన్నారు. "ఒకరికి తెలిసింది సార్" అన్నాను. వాదించి వాదించి ఒప్పుకున్నారు. పేరూ ఫొటో కూడా నిన్న తీసేశాం.

ఇంకో మంచి సంగతి. అసలు శబ్దాలనే, చెంబు చప్పుడుతో సహా, వేరే పియానోగా పెడతాం. రామాంజినమ్మత్త పేరు పెడతాం. నాగాలాండ్ నర్సు నుంచి అందరూ ఆమె మోసిన నీళ్ళు వింటారు. సార్‌కు కూడా నచ్చింది. దసరాకు పెట్టేస్తున్నాం. ఆమె సంతోషిస్తుంది కదా?

అంజలి


ముదిగుబ్బ,
6 అక్టోబరు 2024

అంజలికి,

కళ్ళు మీ అమ్మ పోలిక, జుట్టు మీ నాయన పోలిక అంటారు నిన్ను. నీ ఉత్తరం చదివాక నాది కూడా ఒకటి వచ్చిందని తెలిసింది. నువ్వూ ఆమెను అడగలేదు.

నేను వెళ్ళి అడిగాను. నువ్వు రాసింది రాసినట్టు చదివి వినిపించాను. ఆమె నవ్వుతుందనుకున్నాను.

"నేను నీళ్ళు మోసిన సప్పుడు మీద ఎవురో ఏళ్ళు ఆడిస్తారా? వద్దు టీచరమ్మా. తీసేయమనండి పాపను. నా పేరు గూడా వద్దు."

మళ్ళీ తనే, "పాప మంచిదే. తెలీక చేసింది" అని కూడా అంది. అది నీకు చెప్పమనలేదు. నాకై నేను రాస్తున్నాను.

కాబట్టి తీసేయి. మీ సారుకు నచ్చినా సరే. మన చర్చి పియానో ఏ కంప్యూటరులోనూ పలకదు. పలకకపోతే లోకానికి వచ్చే లోటు లేదు.

ఈ రోజు ఆరాధనలో లేచి నిలబడి, ఆ రోజు విన్నది మన పియానో కాదనీ, రామాంజినమ్మ చెప్పిందే నిజమనీ, ఆమె తోట ఎందుకు ఎండిందో కూడా చెప్పాను. పాస్టరుగారు ప్రసంగం కుదించుకోవలసి వచ్చింది. ఆ ఒక్కందుకు సంఘం నన్ను క్షమించినట్టుంది. అయితే ఆమె అక్కడ లేదు కదా. లేనిచోట ఒప్పుకోవడం సులువు. అందుకని ముగిశాక ఆమె తోటకు వెళ్ళి, చర్చిలో ఏం చెప్పానో చెప్పాను. పోయిన మొక్కలను పీకి గట్టు మీద పోగు వేసింది. దాని వైపు చూడకుండా మాట్లాడాలని చూశాను, కుదరలేదు.

"దసరా పోయినాక బేస్తవారం కొత్త మొక్కలు పెడతాండాం" అంది. "వస్తే రాండి. ఆడ కుర్చీ ఎయ్యరు ఎవురూ."

నేను ఎక్కడికి పోయినా ముందు కుర్చీ వస్తుంది, వెనక నేను వస్తాను. ఈ ఊళ్ళో నలభై ఏళ్ళుగా అంతే. డెబ్బై ఎనిమిదేళ్ళ నడుముతో ఏం చేయగలనో తెలియదు. "వచ్చి నేనేం చేయాలి?" అని అడిగాను. అలవాటు లేని పని కదా అడగడం.

"ఆ పొద్దు చెప్తాలే" అంది.

నువ్వు కూడా రావచ్చా అని అడిగాను. ఆలోచించి చెబుతానంది. ఆమె చెప్పేదాకా బస్సు టికెట్టు తీసుకోకు.

అవ్వ